మ్యూజియంలో అన్నీ చూడొద్దు: చేవెళ్ళ నుంచి సాలార్‌జంగ్‌కి ఒక్క రోజు ట్రిప్

ఇవాళ స్టూడియో లేదు, లైట్లు లేవు. మొయినాబాద్ దాటాక చేవెళ్ళ రోడ్డు మీద, మన మర్రిచెట్ల కింద కూర్చొని మాట్లాడుతున్నా. వెనకాల లారీల హారన్లు వినిపిస్తే అడ్జస్ట్ అవ్వండి.

కామెంట్లలో చాలామంది అడుగుతున్నారు. "అన్నా, వీకెండ్‌కి ఎక్కడికైనా పోవాలి, గోవాకి డబ్బుల్లేవు, రిసార్ట్ అంటే బోరు, ఒక్క రోజులో అయ్యేది చెప్పు" అని. ఒక్క రోజులో అయ్యేది, జేబుకి చిల్లు పడనిది, ఇంట్లోవాళ్ళతో పోగలిగేది ఒకటుంది. సిటీకి పోయి మ్యూజియం చూసి రావడం.

ఆగండి, వీడియో మార్చకండి! నాకూ మ్యూజియం అంటే నిద్రొచ్చేది. ఏడో క్లాసులో స్కూల్ టూర్‌లో సాలార్‌జంగ్‌కి తీసుకుపోయారు. లైన్‌లో నడువు, ముట్టుకోవద్దు, మాట్లాడొద్దు, ఇంకా నడువు. గంటలో బయటికొచ్చాం. గుర్తున్నది గడియారం ఒక్కటే, అదీ ముందున్న అబ్బాయి తలకాయ అడ్డం వచ్చి సగమే కనబడింది. తర్వాత బీటెక్ చేశా, హైటెక్ సిటీలో నాలుగేళ్ళు కోడ్ రాశా, ఉద్యోగం వదిలేసి ఈ వీడియోలు మొదలుపెట్టా. ఇన్నేళ్ళలో మళ్ళీ ఒక్కసారి కూడా అటు పోలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు చూడండి, అదన్నమాట.

మళ్ళీ పోయింది మొన్ననే. మా నాయినతో.

ఖాళీ చేతులతో సిటీకి

మా నాయినది పూల తోట. బంతి, చామంతి. మన చేవెళ్ళ, మొయినాబాద్ సైడు ఈ పని చేసేవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. తెల్లారకముందే లేచి, మూటలు కట్టి, ట్రాలీ ఆటోలో వేసుకొని మార్కెట్‌కి పోవాలి. ఒకప్పుడు జాంబాగ్ మార్కెట్, తర్వాత గుడిమల్కాపూర్. దాదాపు ముప్పై ఏళ్ళు అదే రూటు. దసరాకి, దీపావళికి అయితే రోజూ.

ఈసారి మోకాళ్ళు మొరాయించాయి. "ఈ యేడుతోని తోట బంద్ పెడతా" అన్నాడు. ఏడవలేదు, గొడవ చేయలేదు, మామూలుగా అన్నాడు. నాకే ఏదోలా అనిపించింది. లెక్కేసుకుంటే మా నాయిన సిటీకి కొన్ని వేలసార్లు పోయి ఉంటాడు. ఒక్కసారి కూడా ఊరికే పోలేదు. మూటతో పోవడం, అమ్మడం, రావడం. జాంబాగ్ నుంచి సాలార్‌జంగ్ మ్యూజియం రెండు మూడు కిలోమీటర్లు కూడా ఉండదు. మధ్యలో మూసీ ఒక్కటే అడ్డం. ఆ వంతెన దాటి అటు పోలేదు.

"నాయినా, రేపు సిటీకి పోదాం. మూట లేకుండా" అన్నా.

"ఎందుకు?"

"చూసొద్దాం. అంతే."

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మేము బయల్దేరింది శుక్రవారం. సాలార్‌జంగ్‌కి శుక్రవారం సెలవు! కంప్యూటర్ చదివినోడిని, ఫోన్‌లో ఒక్క నిమిషం చూసుకోలేదు. గేటు దాకా పోయి వెనక్కి వచ్చాం. నాయిన ఏమీ అనలేదు, దారంతా నవ్వుతూనే ఉన్నాడు. మీరు మాత్రం రాసుకోండి: సాలార్‌జంగ్ శుక్రవారం బంద్. మిగతా రోజుల్లో పొద్దున 10 నుంచి సాయంత్రం 5 దాకా. టికెట్ రేట్లు మారుతుంటాయి, పోయే ముందు వాళ్ళ వెబ్‌సైట్ చూసుకోండి.

రెండోసారి మంగళవారం పోయాం. ఈసారి గేటు తెరిచే ఉంది. కానీ నాయిన గేటు దగ్గర ఆగిపోయాడు.

"నువ్వు పోయి చూసిరా బిడ్డా. నేనీడ నీడకు కూసుంట. ఇదంతా సదువుకున్నోళ్ళకు. నాకేం సమజైతది?"

అసలు ఈ ఎపిసోడ్ చేస్తున్నది ఈ ఒక్క మాట కోసం. ఈ మాట మా నాయిన ఒక్కడే అనడు. మీ అమ్మ అంటుంది, మా మేస్త్రీ బాబాయి అంటాడు, మనం కూడా అంటాం, కాకపోతే "బోరు బ్రో" అని అంటాం. రెండూ ఒకటే. లోపల ఉన్నది మనది కాదని ముందే ఫిక్స్ అయిపోతున్నాం.

అసలు ఇది ఎవరి మ్యూజియం?

కొంచెం హిస్టరీ. రెండు నిమిషాల్లో ముగిస్తా.

నిజాం దగ్గర ప్రధానమంత్రులుగా చేసిన కుటుంబం సాలార్‌జంగ్‌లది. మొదటి సాలార్‌జంగ్ పేరు మీర్ తురాబ్ అలీ ఖాన్. 1853 నుంచి 1883లో చనిపోయే దాకా ఆయనే దివాన్. మూడో సాలార్‌జంగ్ ఆయన మనవడు, మీర్ యూసుఫ్ అలీ ఖాన్. 1889లో పుట్టాడు. 1912లో ప్రధానమంత్రి అయ్యాడు. అప్పుడు ఆయనకి ఇరవై మూడేళ్ళు. మనం ఆ వయసులో ప్లేస్‌మెంట్ కోసం తిరుగుతుంటాం! రెండేళ్ళకే, 1914లో, ఆ పదవి వదిలేశాడు. ఆ తర్వాత 1949లో చనిపోయే దాకా ఆయన చేసిన పని వస్తువులు సేకరించడం. బొమ్మలు, పెయింటింగ్‌లు, కత్తులు, గడియారాలు, పుస్తకాలు, పింగాణి. పెళ్ళి చేసుకోలేదు, వారసులు లేరు.

ఆయన పోయాక 1951 డిసెంబర్ 16న ఆ వస్తువులన్నిటితో వాళ్ళ సొంత భవనం దివాన్ దేవిడిలో మ్యూజియం మొదలైంది. ఓపెన్ చేసింది జవహర్‌లాల్ నెహ్రూ. 1961లో పార్లమెంట్ చట్టం చేసి దీన్ని జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థగా ప్రకటించింది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న బిల్డింగ్‌కి మారింది.

1961 పాయింట్ దగ్గర ఒక్క క్షణం ఆగండి. చట్టం వచ్చాక ఇది నవాబుది కాదు. దేశానిది. అంటే గేటు దగ్గర కూర్చుంటానన్న మా నాయినది కూడా. ఈ మాటే ఆయనతో అన్నా. పట్టించుకోలేదు. "టికెట్ తీసేశా నాయినా, పైసలు వేస్ట్ అయితయ్" అన్నా. వెంటనే లేచాడు. చట్టం కంటే టికెట్ బాగా పనిచేసింది.

నాలుగు లక్షల సెకన్ల లెక్క

లోపలికి పోయాక నేను ఇంకో తప్పు చేశా. గైడ్ అవతారం ఎత్తా. ఫోన్ చూసుకుంటూ "నాయినా ఇది ఫలానా, నాయినా అది ఫలానా శతాబ్దం" అని చదవడం మొదలుపెట్టా. మూడు గదులు అయ్యేసరికి ఆయన కళ్ళు ఫ్యాన్ వైపు పోతున్నాయి. నా కాళ్ళు కూడా లాగుతున్నాయి.

దీనికి ఒక పేరుంది తెలుసా? మ్యూజియం ఫటీగ్. అంటే మ్యూజియం అలసట. ఈ పేరుతో 1916లోనే అమెరికాలో బెంజమిన్ గిల్మన్ అనే ఆయన వ్యాసం రాశాడు. బోస్టన్ మ్యూజియంలో పనిచేసేవాడు. ఒక మనిషిని పెట్టి, షోకేసుల్లో వస్తువులు చూడటానికి ఎలా వంగాలో, మెడ ఎలా సాచాలో ఫోటోలు తీశాడు. మ్యూజియంలో అలసిపోవడం చూసేవాడి తప్పు కాదు, వస్తువులు పెట్టిన తీరు కూడా కారణమే అని చూపించాడు. కాబట్టి మీకు నిద్రొస్తే సిగ్గుపడకండి. వందేళ్ళ నుంచి అందరికీ వస్తోంది.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం, అలవాటు పోలేదు కదా. సాలార్‌జంగ్ కలెక్షన్‌లో వస్తువులు 40,000కు పైనే. అన్నీ షోకేసుల్లో ఉండవు, కానీ ఉన్నాయనుకోండి. ఒక్కోదానికి పది సెకన్లు ఇచ్చినా 4,00,000 సెకన్లు. అంటే 111 గంటలు. (నవ్వు) 111! మన మొయినాబాద్ వాళ్ళని ఆ నంబర్ ఎక్కడికి పోయినా వదలదు. జీవో సంగతి పక్కన పెడితే, రోజుకి ఏడు గంటలు మ్యూజియం తెరిచి ఉంటుంది కాబట్టి దాదాపు 16 రోజులు. తిండి లేకుండా, కూర్చోకుండా.

కాబట్టి అన్నీ చూడటం అనే ప్లానే తప్పు. 2001లో అచ్చయిన ఒక స్టడీ ఉంది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో జనం ఒక్కో పెయింటింగ్ ముందు ఎంతసేపు నిలబడుతున్నారో కొలిచారు. సగటున 27 సెకన్లు. ఒక రీల్ అంత! అంటే మనం రీల్స్ వల్ల పాడైపోయాం అనుకుంటాం కానీ, రీల్స్ పుట్టకముందు కూడా జనం స్క్రోల్ చేసినట్టే నడిచారు.

అందుకే నా రూల్: ఒక రోజు, ఒక మ్యూజియం, నాలుగు వస్తువులు. ఒక్కోదాని ముందు పది నిమిషాలు. మిగతావి నడుస్తూ చూడండి, బాధ లేదు. మేము చూసిన నాలుగు చెప్తా.

ఒకటి: రాతి ముసుగు

'వెయిల్డ్ రెబెక్కా'. ఇటలీ శిల్పి జొవాన్నీ మరియా బెన్‌జోని చెక్కాడు. 1876లో మొదటి సాలార్‌జంగ్ రోమ్‌లో కొన్నాడు. బైబిల్ కథలో రెబెక్కా, తను పెళ్ళి చేసుకోబోయే ఇసాకును మొదటిసారి చూసి ముఖం మీద ముసుగు వేసుకుంటుంది. ఆ సీన్.

విషయం ఏంటంటే ఆ ముసుగు లోంచి ముఖం కనబడుతుంది. ముక్కు, పెదాలు, సిగ్గు, అన్నీ. కానీ అది గుడ్డ కాదు. ముసుగూ ముఖమూ అంతా పాలరాయే.

మరి రాయిలోంచి ఎలా కనబడుతోంది? వెబ్ పేజీ చేసేవాళ్ళకి ఈజీగా అర్థమవుతుంది. మనం ఒక లేయర్ మీద ఇంకో లేయర్ పెట్టి ఒపాసిటీ తగ్గిస్తాం. ఇక్కడ లేయర్లు లేవు, ఉన్నది ఒక్కటే సర్ఫేస్. శిల్పి ఏం చేశాడంటే ముఖాన్ని మెత్తగా, గుండ్రంగా చెక్కాడు. దాని మీదుగా సన్నటి, పదునైన గీతల్లాగా గుడ్డ మడతలు పోనిచ్చాడు. మడత కింద ముక్కు ఆకారం తెగకుండా కొనసాగుతుంది. మన మెదడు చూసి "ఓహో, మెత్తనిది చర్మం, సన్న గీతలున్నది గుడ్డ, రెండు పొరలున్నాయి" అని తనే విడదీసుకుంటుంది. పైగా పాలరాయికి ఒక గుణం ఉంది, వెలుతురు కొంచెం లోపలికి దిగి చెదిరి బయటికొస్తుంది. అందుకే చర్మంలా, గుడ్డలా మెత్తగా అనిపిస్తుంది. అంటే ట్రాన్స్‌పరెన్సీ రాయిలో లేదు, మన తలకాయలో రన్ అవుతోంది.

పక్కకి జరిగి సైడ్ నుంచి చూడండి, మళ్ళీ ఎదురుగా రండి. మాయ ఎక్కడ మొదలవుతుందో మీకే దొరుకుతుంది. బెన్‌జోని ఈ బొమ్మని ఒక్కసారి కాదు, చాలాసార్లు చేశాడు. అట్లాంటాలో, డెట్రాయిట్‌లో కూడా ఉన్నాయి. మీ కజిన్ అమెరికా నుంచి మ్యూజియం ఫోటో పెడితే "మా దగ్గర కూడా ఉంది" అని రిప్లై ఇవ్వండి.

నాయిన ఏమన్నాడు? చాలాసేపు చూసి, "పెండ్లిపిల్ల మేలిముసుగు తడిసినట్టున్నది" అన్నాడు. కరెక్ట్! తడి గుడ్డ ఒంటికి అంటుకుంటేనే అలా లోపలి ఆకారం కనబడుతుంది. నేను ఐదు నిమిషాలు చెప్పింది ఆయన ఒక్క మాటలో చెప్పాడు.

రెండు: ఒకే మొద్దులో ఇద్దరు

'మెఫిస్టోఫిలిస్, మార్గరెట్టా'. పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచ్ చెక్క బొమ్మ. జర్మన్ కవి గొథే రాసిన 'ఫౌస్ట్' నాటకంలో పాత్రలు. ముందు నుంచి చూస్తే సైతాను, గర్వంగా నిలబడి ఉంటాడు. వెనక అద్దం పెట్టారు, అందులో చూస్తే తల వంచుకుని, చేతిలో ప్రార్థన పుస్తకంతో ఉన్న అమ్మాయి. ఇద్దరూ ఒకే మొద్దులో.

ఇక్కడ జనం ముందు నుంచి ఒక సెల్ఫీ తీసుకొని పోతున్నారు. మీరు అలా చేయకండి. పక్క నుంచి చూడండి. ఆయన మోచెయ్యి ఎక్కడ ఆగింది, ఆమె బట్ట ఎక్కడ మొదలైంది? ఒకరి కోసం చెక్క తీస్తే ఇంకొకరికి తక్కువ పడుతుంది. రెండు వైపులా ఒకేసారి లెక్కపెట్టుకుంటూ ఉలి పెట్టాలి. కోడ్‌లో అయితే తప్పు చేస్తే అన్‌డూ ఉంది. మొద్దుకి లేదు. నాయిన అతుకు కోసం వెతికాడు. దొరకలేదు.

మూడు: గడియారం

దీని గురించి అందరికీ తెలుసు కాబట్టి త్వరగా చెప్తా. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీ గడియారం. గంట కొట్టే టైమ్‌కి కొన్ని నిమిషాల ముందు ఒక చిన్న గడ్డం మనిషి తలుపు తీసుకొని బయటికొస్తాడు, గంట కొట్టి లోపలికి పోతాడు. మధ్యాహ్నం పన్నెండుకి జనం ఎక్కువ, ఎందుకంటే పన్నెండు దెబ్బలు కదా. మేమూ పన్నెండుకే కూర్చున్నాం. అందరూ ఫోన్లు పైకెత్తారు. చిన్న మనిషి వచ్చాడు, కొట్టాడు, పోయాడు.

నాయిన: "గింతేనా?"

నిజం చెప్పాలంటే నాకూ అదే అనిపించింది. అలా అనిపించినా తప్పు లేదు. మ్యూజియంలో ప్రతిదీ అద్భుతం అనాల్సిన పని లేదు. ఏది నచ్చలేదో తెలిస్తేనే ఏది నచ్చిందో తెలుస్తుంది. అక్కడ కూర్చోవడానికి చోటుంది, మోకాళ్ళకి రెస్ట్ దొరికింది. దానికైనా ఆ చిన్న మనిషికి థ్యాంక్స్.

నాలుగు: మట్టి నాలుక మీద పెట్టుకునేవాళ్ళు

ఇక అసలైనది. బిద్రీ గ్యాలరీ. నా ప్లాన్‌లో ఇది లేదు. నడుచుకుంటూ పోతుంటే నాయినే ఆగిపోయాడు. నల్లటి హుక్కా కుండలు, పళ్ళేలు, సుర్మాలు, వాటి మీద తెల్లగా మెరిసే వెండి పూలు.

"గసగసాల పువ్వు" అన్నాడు. బిద్రీ మీద ఆ పువ్వు చాలా ఎక్కువగా కనబడుతుంది. "ఇది మంచిగ తెలిసినోడే చేసిండు. చూడు, కాడ దగ్గర పువ్వు ఎట్ల బరువుకు వంగిందో." ముప్పై ఏళ్ళు పూలు కోసిన మనిషి. నేను ఫోన్ జేబులో పెట్టేశా. ఇప్పుడు గైడ్ మారాడు.

బిద్రీ ఎలా చేస్తారో ఆయనకి చెప్పా, మీకూ చెప్తా. పేరు బీదర్ ఊరి నుంచి వచ్చింది. అది ఇప్పుడు కర్ణాటకలో ఉంది, 1956 దాకా మన హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. ముందు జింకులో కొంచెం రాగి కలిపి కరిగించి కుండ పోత పోస్తారు. జింకే చాలా ఎక్కువ. అది తెల్లగా ఉంటుంది, దాని మీద గీతలు గీస్తే కనబడవు. కాబట్టి మైలుతుత్తం నీళ్ళు పూస్తారు. తాత్కాలికంగా నల్లబడుతుంది.

"మైలుతుత్తమా?" అన్నాడు నాయిన. గట్టిగానే అన్నాడు, పక్కవాళ్ళు చూశారు. "మనం చెట్లకు కొట్టేదేనా?"

అదే. కాపర్ సల్ఫేట్. సున్నంతో కలిపి తెగుళ్ళకి కొట్టేదే.

ఆ నలుపు మీద చేత్తో పూలు గీసి, ఉలితో చెక్కి, ఆ గాళ్ళలో వెండి తీగ పెట్టి సుత్తితో కొడతారు. తర్వాత రుద్ది నునుపు చేస్తే పైన పూసిన నలుపు పోతుంది. మళ్ళీ వెండి తెలుపు, జింకు తెలుపు, ఏదీ కనబడదు. ఇప్పుడు చివరి మెట్టు. బీదర్ కోటలో, ఏళ్ళ తరబడి ఎండా వానా తగలని చోటి నుంచి తెచ్చిన మట్టి. దాన్ని నవసాగరంతో, నీళ్ళతో కలిపి, వేడి చేసిన కుండకి పట్టిస్తారు. జింకు కారు నలుపు అయిపోతుంది. వెండి మాత్రం చెక్కుచెదరదు. చీకట్లో పువ్వు పూసినట్టు బయటికొస్తుంది.

మరి అన్ని మట్టిలూ ఎందుకు పనికిరావు? పాత గోడల నీడలో ఉన్న మట్టిలో నైట్రేట్ లాంటి లవణాలు పేరుకుంటాయి. వాన పడితే అవి కొట్టుకుపోతాయి. అందుకే వాన తగలని మట్టి కావాలి. అది మంచిదో కాదో తెలుసుకోవడానికి పనివాళ్ళు ఏం చేస్తారంటే, కొంచెం నాలుక మీద పెట్టుకొని చూస్తారు.

నాయిన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు. "మా నాయిన గూడ గట్లనే. చౌడు భూమా మంచి భూమా అని మట్టి నోట్లేసుకొని చూసేటోడు. నీకు తెల్వదు, నువ్వు అప్పటికి పుట్టలే."

మా తాత గురించి నాకు ఈ విషయం తెలియదు. ఇంట్లో ఇరవై ఎనిమిదేళ్ళు బతికా, ఎప్పుడూ చెప్పలేదు. చెప్పే సందర్భం రాలేదు. ఒక నల్లటి కుండ ముందు నిలబడితే వచ్చింది.

గేటు దగ్గర "నాకేం సమజైతది" అన్న మనిషికి సమజైంది ఇది. ఆ వస్తువులు చేసినవాళ్ళు నవాబులు కాదు. కొన్నవాళ్ళు నవాబులు. చేసినవాళ్ళు పొద్దున్నే లేచి, చేతులు మురికి చేసుకొని, మట్టి రుచి తెలిసినవాళ్ళు. బోర్డు మీద వాళ్ళ పేర్లు ఉండవు. కానీ ఆ పని చూసి ఇది ఎంత కష్టమో చెప్పగలిగేది ఇంకో పనిమంతుడే. నేను తారీఖులు చదవగలను. కాడ దగ్గర పువ్వు ఎందుకు వంగిందో నాకు కనబడలేదు.

నది అదే, నీళ్ళు మనవే

బయటికొచ్చి నయాపూల్ మీద కాసేపు నిలబడ్డాం. మూసీ వాసన సంగతి వదిలేయండి. 1908 సెప్టెంబర్ 28న ఈ నది పొంగి వేలమంది చనిపోయారు. ఎదురుగా ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. ఆ రోజు దాని కొమ్మలు పట్టుకొని దాదాపు 150 మంది బతికారని చెప్తారు. చెట్టు ఇంకా ఉంది.

ఆ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో రెండు రిజర్వాయర్లు కట్టారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. మన మొయినాబాద్ ఆ రెండిటి మధ్యలో ఉంది. మన పొలాల మీద పడ్డ వాన ఆ చెరువుల్లోకే పోతుంది. గేట్లు ఎత్తితే ఈ వంతెన కిందికే వస్తుంది. అంటే మన వైపు నుంచి మ్యూజియం దాకా వచ్చేది పూలు ఒక్కటే కాదు.

మీరు పోవాలంటే

చేవెళ్ళ, మొయినాబాద్ నుంచి ఆర్టీసీ బస్సులో మెహిదీపట్నం. అక్కడ అఫ్జల్‌గంజ్ బస్సు ఎక్కండి. దిగి నయాపూల్ దాటితే మ్యూజియం. ఆడవాళ్ళకి మహాలక్ష్మి పథకంలో 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ బస్సుల్లో టికెట్ లేదు, ఆధార్ కార్డు పెట్టుకోండి. మెట్రోలో వచ్చేవాళ్ళు ఎంజీబీఎస్‌లో దిగి ఆటో తీసుకోండి.

పొద్దున పదింటికే లోపల ఉండండి, జనం తక్కువ. ముందు తినేసి వెళ్ళండి. గంటకోసారి కూర్చోండి. ఫోటోల రూల్స్ కౌంటర్ దగ్గర అడగండి. మొదటి పది నిమిషాలు మాత్రం ఏ ఫోటో తీయకండి, కళ్ళకి అలవాటు కానివ్వండి.

పురాతన వస్తువులు ఇష్టమైతే ఇంకో రోజు నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో స్టేట్ మ్యూజియం. అక్కడ ఈజిప్టు మమ్మీ ఉంది, నిజమైనది. ఆరో నిజాం అల్లుడు కొని తెచ్చాడు, ఏడో నిజాం 1930లో మ్యూజియానికి ఇచ్చాడు. అది కూడా శుక్రవారం బంద్, నాలాగా చేయకండి. ఇప్పటి ఆర్టిస్టుల పని చూడాలంటే మాదాపూర్‌లో స్టేట్ ఆర్ట్ గ్యాలరీ. ఎగ్జిబిషన్‌లు మారుతూ ఉంటాయి. ఏడాది చివర్లో ఇండియన్ ఫోటో ఫెస్టివల్ కూడా అక్కడే జరుగుతుంది. హైటెక్ సిటీలో పనిచేసేవాళ్ళకి ఆఫీసు పక్కనే. నాలుగేళ్ళు దాని ముందు నుంచే క్యాబ్‌లో పోయా, ఒక్కసారీ దిగలేదు.

ఇంకో మాట. ఒంటరిగా పోకండి. చేతిపని తెలిసిన మనిషిని ఒకరిని తీసుకుపోండి. టైలర్ పిన్నిని బట్టల గ్యాలరీకి, వడ్రంగి బాబాయిని ఆ చెక్క బొమ్మ దగ్గరికి. మీరు బోర్డు చదివి పెట్టండి, వాళ్ళు వస్తువు చదివి పెడతారు. మీకు వినబడేది గూగుల్‌లో దొరకదు.

ఇంటికొచ్చాక నాయిన అమ్మకి ఏం చెప్పాడో తెలుసా? రెబెక్కా గురించి కాదు. గడియారం గురించి అసలే కాదు. "మన మైలుతుత్తమే! దాంతోనే నల్లగ చేస్తరట!" అని అరగంట చెప్పాడు. తోట బంద్ చేసే మాట ఆ రోజు రాలేదు. రేపు రావొచ్చు, మోకాళ్ళు మోకాళ్ళే కదా. కానీ ఈసారి ఆయన సిటీ నుంచి తెచ్చింది పూల పైసలు కాదు.

అమ్మ అంతా విని ఒక్కటే అడిగింది. "మరి నన్నెందుకు తీస్కపోలే?"

సమాధానం లేదు. కాబట్టి వచ్చే వారం ట్రిప్ అమ్మతో. ఆధార్ కార్డు అప్పుడే పర్సులో పెట్టేసుకుంది. అమ్మకి ఏ గ్యాలరీ అంటే ఆమె మాత్రం క్లియర్‌గా ఉంది: "ఫస్ట్ ఆ వంట గిన్నెలు, పింగాణి ఏడున్నయో ఆడికి పోదాం."

మీరు ఎవరిని తీసుకుపోతారు? ఏ వస్తువు ముందు నిలబెడతారు? కింద కామెంట్‌లో రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో చదువుతా. శుక్రవారం తప్ప ఏ రోజైనా పోండి. ఉంటా మరి, నమస్తే!